జపాన్ వేపుడు నూడుల్స్ యాకిసోబా ముద్ద కాకుండా వేయించడం ఎలా?

వ్యాఖ్యాత: టోక్యోలోని నిషి-కసాయ్ నుంచి ఒక శ్రోత ఫోన్ చేస్తున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. ఇక్కడి సూపర్‌మార్కెట్లో మూడు కట్టలు కలిపి అమ్మే యాకిసోబా తెచ్చి, పొట్లం మీద రాసినట్లే నీళ్లు పోసి వేయిస్తున్నాను. అయినా నూడుల్స్ ముద్దైపోతున్నాయి, క్యాబేజీ నీరు కారిపోతోంది.

నిపుణురాలు: మూడు కట్టలూ ఒకేసారి వేస్తున్నారా?

శ్రోత: అవునండి, వంట తొందరగా అయిపోతుందని.

నిపుణురాలు: చిక్కంతా అక్కడే ఉందమ్మా. ఇంటి పొయ్యి మంటకు అంత సరుకు ఒకేసారి వేగదు. పెనం చల్లబడి, కూరగాయల్లోని నీరు ఆవిరయ్యే దారిలేక, అన్నీ కలిసి ఉడికిపోతాయి. ఆ నూడుల్స్‌ను ముందే ఆవిరిపై ఉడికించి అమ్ముతారు కనుక నీళ్లు దాదాపు అక్కర్లేదు. కట్టను మైక్రోవేవ్‌లో అర నిమిషం వెచ్చబెడితే పోగులు తెగకుండా విడిపోతాయి. వాటిని నూనె కాగిన పెనంపై పరచి, రెండు నిమిషాలు కదపకుండా వదిలి, అడుగు ఎర్రబడి అంచులు కరకరలాడుతున్నప్పుడు తీసి పక్కన పెట్టండి. తరువాత ఉల్లిపాయ, క్యారెట్, పెద్ద ముక్కలుగా తరిగిన క్యాబేజీని పెద్ద మంటపై నిమిషంపాటు వేయించి, నూడుల్స్ కలిపి, చివరగా సాస్ వేసి దించేయాలి.

శ్రోత: మా వారు మాంసం, చేప తినరండి, గుడ్డు మాత్రం తింటారు.

నిపుణురాలు: అయితే పొట్లంలోని సాస్ పొడి వాడే ముందు పదార్థాల జాబితా చదవండి, వాటిలో మాంసం సారం కలిపినవి ఉంటాయి. జాబితా చూసి కొన్న వూస్టర్ సాస్ రెండు చెంచాలు, సోయా సాస్ అర చెంచా, చిటికెడు చక్కెర ఒక కట్టకు సరిపోతాయి. పైన చల్లే కత్సుఓబుషి చేప పొరలే కనుక దానిని మానేసి, అఓనోరి నాచు పొడి, ఎర్రటి బెని షోగా అల్లం వేసుకోండి. ఆ అల్లం పులుపు లేకపోతే నాకైతే యాకిసోబా చప్పగానే అనిపిస్తుంది. అకితా ప్రాంతంలోని యొకొతె ఊరి పద్ధతిలో పచ్చసొన గట్టిపడని గుడ్డును పైన వేసి, పక్కన ఫుకుజిన్‌జుకె ఊరగాయ పెట్టినా బాగుంటుంది. గుడ్డును మాత్రం వేరే పెనంలో వేయించండి.