కారు రేడియోలో 650: నాష్‌విల్‌లో మా శనివారం రాత్రి

నమస్కారం అండీ. ఆ మధ్య ఒక శనివారం నలుగురం కలిసి అట్లాంటా నుంచి టెనెస్సీలోని నాష్‌విల్ వెళ్లాం, గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ మ్యూజిక్ కార్యక్రమం, అంటే అమెరికా పల్లెపాటల కార్యక్రమం చూడటానికి. ఫోన్లో తీసిన చిన్న చిన్న ముక్కలు వెనకాల వేస్తున్నాను కానీ, ఈ వీడియో చూడకపోయినా పర్లేదు, వినండి చాలు. మేం వెళ్లిన కార్యక్రమం కూడా అలాంటిదే. అది రేడియో ప్రోగ్రామ్.

అవునండీ, రేడియో ప్రోగ్రామే. 1925 నవంబర్ 28న మొదలైంది, 650 ఏ.ఎం. మీద ఇప్పటికీ వస్తోంది. ఆ హాల్లో నాలుగు వేల పైచిలుకు మంది కూర్చుంటారు. వాళ్లంతా నిజానికి రేడియో స్టూడియోలో కూర్చున్నట్టే. ఈ సంగతి ముందే తెలిసి వెళ్లాలి. లేకపోతే, ఇదేంటి, ఒక్కొక్కరూ రెండు మూడు పాటలు పాడి వెళ్లిపోతున్నారు, పక్కన ఒకాయన నిలబడి ప్రకటనలు చదువుతున్నాడు అనిపిస్తుంది. మాలో ఒకడికి మొదటి పావుగంట అలాగే అనిపించింది.

మా నలుగురిలో ముగ్గురం తెలుగువాళ్లం. నాది విజయనగరం. ఒకడిది గుంటూరు. ఇంకో తమ్ముడిది కరీంనగర్. నాలుగో మనిషి మా ఆఫీసులో పనిచేసే పెద్దాయన, తూర్పు టెనెస్సీ కొండల్లో పుట్టి పెరిగారు. మమ్మల్ని లాక్కెళ్లింది ఆయనే. అట్లాంటా నుంచి చట్టనూగా మీదుగా నాలుగు గంటల దారి. మధ్యలో టైమ్ జోన్ మారుతుంది కాబట్టి పోయేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది. ఆ దారంతా ఆయన వాళ్ల తాతగారి ఇంటి గురించే చెప్పారు. ఊళ్లో కరెంటు లేని రోజుల్లో వాళ్లింట్లో బ్యాటరీ రేడియో ఒకటి ఉండేదట. బ్యాటరీ అయిపోతుందని వారమంతా ముట్టుకోకుండా, శనివారం రాత్రి మాత్రం పెట్టేవాళ్లట. ఇరుగుపొరుగు వాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చునేవాళ్లట. నాకు మా తాతగారు గుర్తొచ్చారు. సాయంత్రం ఆకాశవాణిలో పాడిపంటలు వచ్చే వేళకి పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చునేవారు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

ఈ రేడియో స్టేషన్ పెట్టింది ఎవరనుకుంటున్నారు? ఒక బీమా కంపెనీ. స్టేషన్ పేరు డబ్ల్యూ.ఎస్.ఎం. అందులోని మూడు అక్షరాలూ ఆ కంపెనీ నినాదంలోవే: వి షీల్డ్ మిలియన్స్. లక్షలాది మందికి మేం రక్ష అని అర్థం. పాలసీలు అమ్మే ఏజెంట్లు పల్లెల్లో ఈ పాటల ప్రోగ్రామ్ పేరు చెప్పుకుని గుమ్మం ఎక్కేవాళ్లు. 1932లో స్టేషన్ ప్రసార శక్తిని 50,000 వాట్లకి పెంచి, నాష్‌విల్‌కి దక్షిణంగా బ్రెంట్‌వుడ్‌లో 800 అడుగులు దాటిన టవర్ కట్టారు. అది ఇప్పటికీ పనిచేస్తోంది. పైనా కిందా సన్నగా, నడుమ లావుగా, నిలబెట్టిన మృదంగంలా ఉంటుంది.

మొదటి రోజు వాయించింది కుర్రాళ్లు కాదు. అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనే 77 ఏళ్ల ముసలాయన వచ్చి ఫిడేలు వాయించాడు. గంటసేపు వాయించాక అలసిపోయారా అని అడిగితే, గంటలో చెయ్యి వేడెక్కడం కూడా అవదు అన్నాడని చెప్పుకుంటారు. విజయనగరం వాణ్ణి కదా, ఈ మాట దగ్గర నాకు మనసు ఆగిపోయింది. మా ఊళ్లో ఫిడేలంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు తర్వాతే ఏదైనా. వాయిద్యం అదే, నాలుగు తీగలూ అవే. మనవాళ్లు నేల మీద కూర్చుని, ఫిడేలు తలని పాదం మీద ఆనించి వాయిస్తారు. ఇక్కడ నిలబడి, గడ్డం కింద ఒకరు, ఛాతీకి ఆనించి ఇంకొకరు వాయిస్తారు. కచేరీకి కాదు, అడుగులు వేయించడానికి వాయిస్తారు. అందుకే కమాను అంత చిన్న చిన్న విరుపులతో నడుస్తుంది.

ఇక్కడ ఇంకో పేరు చెప్పకుండా ముందుకి పోలేను. డిఫోర్డ్ బెయిలీ. హార్మోనికాతో, అంటే మౌత్ ఆర్గాన్‌తో, రైలు కూతా, చక్రాల చప్పుడూ పలికించిన నల్లజాతి కళాకారుడు. ఈ ప్రోగ్రామ్‌కి ఓప్రీ అని పేరు పెట్టింది జార్జ్ హే అనే అనౌన్సర్. 1927లో ఒక రాత్రి, అంతకుముందు వచ్చిన ఘనమైన ఒపేరా సంగీతాన్ని గుర్తు చేస్తూ, ఇకపై వినబోయేది మన గ్రాండ్ ఓల్ ఓప్రీ అన్నాడు. ఒపేరా అనే మాటనే పల్లె యాసలో ఓప్రీ అంటారు. ఆ పూట మోగుతున్నది బెయిలీ హార్మోనికాయే. మిగతా కళాకారులతో ఊళ్లు తిరిగి వాయించినా, వాళ్లు దిగిన హోటళ్లలో ఆయనకి గది ఇచ్చేవాళ్లు కాదు. 1941లో ఓప్రీ నుంచి తీసేశారు. ఆ తర్వాత బూట్లు పాలిష్ చేసే కొట్టు పెట్టుకుని బతికాడు. 1982లో చనిపోయాడు. ఈ సంగీతంలో గొప్పవాళ్లని గౌరవించే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 2005లో. ఇది చదివినప్పటి నుంచీ ఈ సంగీతాన్ని తెల్లవాళ్ల పాటలు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోవడం లేదు. ఈ పాటల్లో మీరు వినే బ్యాంజో అనే తీగల వాయిద్యం కూడా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో పుట్టినదే.

మధ్యాహ్నం ముందుగా రైమన్ ఆడిటోరియం చూశాం. స్టీమర్ల యజమాని టామ్ రైమన్ ఒక ప్రవచనం విని మనసు మారి కట్టించిన ప్రార్థనా మందిరం అది, 1892 నాటిది. 1943 నుంచి 1974 దాకా ఓప్రీ అక్కడే జరిగింది. చర్చి బెంచీలు అలాగే ఉన్నాయి. వాటి మీద కూర్చుంటే మధ్యలో చేతులు పెట్టుకునే అడ్డం ఉండదు, పక్కవాళ్ల భుజం తగులుతుంది.

రాత్రి ఏడింటికి ఓప్రీ హౌస్. వేదిక వెనకాల ఎర్రటి పశువుల కొట్టం బొమ్మ. వేదిక నడిమధ్యలో ఆరడుగుల గుండ్రటి చెక్క, చుట్టూ ఉన్న చెక్కకంటే రంగు వేరు. 1974లో ఇక్కడికి మారేటప్పుడు రైమన్ వేదికలోంచి కోసి తెచ్చి పొదిగిన ఓక్ చెక్క అది. పాడేవాళ్లు దాని మీదే నిలబడతారు. 2010 మేలో కంబర్లాండ్ నదికి వరదొచ్చి, ఈ వేదిక మీద నాలుగడుగుల దాకా నీళ్లు నిలిచాయి. ఆ చెక్క నీళ్లలో నానింది. తీసి, ఆరబెట్టి, బాగుచేసి మళ్లీ అక్కడే పొదిగారు. సెప్టెంబర్ చివర్లో హాలు తెరిచారు. ఈలోగా వేరే హాళ్లలో ప్రోగ్రామ్ నడిచిందే తప్ప ఆగలేదు. 2020లో ప్రేక్షకులు లేని ఖాళీ కుర్చీల ముందు కూడా పాడారు.

మొదట వచ్చినాయనకి 70 దాటి ఉంటాయి. మూడు పాటలు పాడి, టోపీ ఎత్తి, వెళ్లిపోయారు. మా గుంటూరు వాడు నా మోచెయ్యి పట్టుకుని, "ఒరేయ్, అప్పుడే వెళ్లిపోయాడేంట్రా? మళ్లీ పిలవరా?" అన్నాడు. పెద్దాయన నవ్వి, ఇక్కడ ఎవరూ ఎక్కువసేపు ఉండరు, వెనకాల వరుసలో ఇంకొకరు ఉంటారు అన్నారు.

తర్వాత పెడల్ స్టీల్ గిటార్. ఈ వాయిద్యం కోసమైనా ఒకసారి వెళ్లండి. బల్లలా అడ్డంగా ఉంటుంది, ముందు కూర్చుని వాయిస్తారు. ఎడమ చేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడి చేత్తో మీటుతూ, పాదాలతో పెడల్స్ తొక్కుతూ, మోకాళ్లతో మీటల్ని పక్కకి నెడుతూ ఉంటారు. ఒక తీగ నిలిచి ఉండగా, పక్క తీగ స్వరం మెల్లగా జారి దాన్ని కలుస్తుంది. మన చెవికి గమకం తెలుసు కాబట్టి ఆ జారుడు దగ్గర మనం వెంటనే పట్టుబడతాం. మా కరీంనగర్ తమ్ముడు సంగీతం నేర్చుకున్నవాడు కాదు. "అన్నా, గది ఏడుస్తున్నట్టు వినవడ్తుందే," అన్నాడు. అంతే, ఆ తర్వాత పాడేవాళ్లని వదిలేసి ఆ వాయిద్యం వైపే చూస్తూ కూర్చున్నాడు.

మాటలు అర్థం కావేమో అని భయపడకండి. యాస వేరే అయినా ఈ పాటలు మాటని మింగవు. ఒక పాటలో ఒక మనిషి, ఒక ఇల్లు, ఆ ఇంట్లో జరిగిన ఒక సంగతి ఉంటాయి. రెండో చరణానికి కొంత తెలుస్తుంది, మూడో చరణంలో అసలు విషయం బయటపడుతుంది. బుర్రకథ విని పెరిగిన మనకి ఇది కొత్త కాదు, కాకపోతే మూడు నిమిషాల్లో అయిపోతుంది.

చివరికి ముందు అనౌన్సర్ ఒక అమ్మాయి గురించి చెప్పాడు. ఈ వేదిక మీద ఆమెకి ఇదే మొదటిసారి అన్నాడు. ఆమె ఇంకా ఒక్క ముక్క పాడలేదు, హాలంతా లేచి నిలబడింది. మేమూ లేచాం. ఆమె నడిచొచ్చి, ఆ గుండ్రటి చెక్క అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, కిందికి చూసుకుని, అప్పుడు అడుగు పెట్టింది. మొదటి పాట మొదటి చరణంలో గొంతు వణికింది, తెలిసేంతగా వణికింది. వెనకాల వాయించే వాళ్లు ఇంకాస్త తగ్గి వాయించారు. వాళ్లలో తల నెరిసినాయన ఆమె వైపే చూస్తూ తాళం పట్టుకున్నాడు. రెండో చరణానికి ఆమె నిలదొక్కుకుంది. మా పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. పేరున్న గాయకుడి కచేరీకి అయితే ఆ గాయకుడి కోసం వెళ్తాం. ఇక్కడికి ఎవరు పాడతారో చూసుకోకుండానే వెళ్లొచ్చు, నేనైతే అలాగే వెళ్లమంటాను.

ఆ రోజు రెండు షోలు ఉన్నాయి, మాది మొదటిది. బయటికొచ్చి, కారెక్కి, 650 పెట్టాం. అదే హాలు, ఇందాక మేం కూర్చున్న చోట ఇంకెవరో చప్పట్లు కొడుతున్నారు. మర్‌ఫ్రీస్‌బరో దాటాక రోడ్డు చీకటి, మాటలు తగ్గిపోయాయి. అప్పుడు అనౌన్సర్ మళ్లీ ఆ అమ్మాయి పేరు చెప్పాడు. అదే పాట. మొదటి చరణం వస్తుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఈసారి గొంతు వణకలేదు. నిద్రపోయాడనుకున్న మా కరీంనగర్ తమ్ముడు వెనక సీట్లోంచి, "అన్నా, జర సౌండ్ పెంచు," అన్నాడు.