వెనక్కి తిప్పి విన్న క్యాసెట్

అందరికీ నమస్కారం. మీలో చాలామంది కౌన్సెలర్లుగా ఇప్పుడిప్పుడే క్లయింట్లను చూడటం మొదలుపెట్టారని చెప్పారు. అందుకే థియరీల జోలికి ఎక్కువ పోను. నా మొదటి ఏడాది సంగతొకటి చెబుతాను.

యాభై దాటిన ఆవిడ వచ్చింది. "గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటోందమ్మా, పొద్దున్నే లేవబుద్ధి కావట్లేదు" అంది. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అంటూ నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. ఆవిడ ఒప్పుకున్నాకే రికార్డు చేసి, ఆ క్యాసెట్ మా సూపర్‌వైజర్ గారితో, అంటే నా పని చూసి దిద్దే సీనియర్‌తో, కలిసి విన్నాను. ఒకచోట ఆవిడ "మా చిన్నోడు వెళ్లాక..." అని ఆగింది. ఆ వెంటనే నా గొంతు: "మందులేమైనా వాడుతున్నారా?"

సార్ ఏమీ అనలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వినిపించారు. మూడోసారికి నాకు చెమటలు పట్టాయి. చిన్నోడు ఎక్కడికి వెళ్లాడు? అమెరికాకా, వేరు కాపురానికా, అసలు బతికే ఉన్నాడా? ఫారం నిండింది గానీ నాకు తెలిసింది ఏమీ లేదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1940ల మొదట్లోనే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ సెషన్లను గ్రామఫోన్ డిస్కుల మీద రికార్డు చేయించాడు. 1942లో ఒక క్లయింటుతో జరిగిన ఎనిమిది సెషన్లనూ మాట పొల్లుపోకుండా అచ్చువేశాడు. రోజర్స్ అనగానే ఎంపతీ, అంటే ఎదుటివారి మనసును వాళ్ల వైపు నుంచి అర్థం చేసుకోవడం, దాని గురించి గడగడా అప్పజెబుతాం, పరీక్షలో మార్కులూ వస్తాయి. తన మాటల్ని పదిమంది ముందు పెట్టిన ఆ ధైర్యం మాత్రం మనకు అంటలేదు. మనం సూపర్‌విజన్‌కి వెళ్లి "సెషన్ బాగా జరిగింది సార్" అంటాం. జ్ఞాపకం ఎప్పుడూ మన పక్షమే కదా!

ఇంకొకటి. "గాభరాగా ఉంది", "నరాల వీక్‌నెస్", "మనసు మనసులో లేదు" అని వాళ్లంటే, మనం నోట్స్‌లో యాంగ్జయిటీ, డిప్రెషన్ అని రాసేసుకుంటాం. రాసుకోండి, తప్పులేదు. గదిలో మాత్రం వాళ్ల మాటే వాడండి. "ఆ బరువు ఎప్పుడు ఎక్కువవుతుందమ్మా?" అని అడిగితే దారి దొరుకుతుంది. గోడ నిండా వర్క్‌షాపు సర్టిఫికెట్లు ఉన్నవాళ్లు కూడా ఇక్కడే తడబడటం చూశాను.

నెలకొక సెషన్ చాలు. రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, పది నిమిషాలు వినండి. తొందరపడిన చోట ఆపి, ఏమని ఉండాల్సిందో పైకి అని చూడండి. రికార్డింగు వాట్సాప్‌లో తిరగకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత రోగి హక్కు.

అదృష్టం కొద్దీ ఆవిడ మరుసటి వారం మళ్లీ వచ్చింది. "చిన్నోడు వెళ్లాక అన్నారు..." అని నేను ఊరుకున్నాను. ఆవిడ చాలాసేపు కొంగు అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి. రెండోవారు ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు.