జీతం హైదరాబాద్‌లో, కాపురం జర్మనీలో: ఆరోగ్య బీమా మాట

(తెలుగు కుటుంబాల ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. తెల్లవారుజామునే లేచి పచ్చడి కలిపి తెచ్చిన అమ్మలకు, కుర్చీలు మోసిన తమ్ముళ్ళకు, పిల్లల చేత పద్యాలు చెప్పించిన టీచరమ్మలకు, నన్ను మాట్లాడమన్న పెద్దలకు దండాలు. నాకిచ్చిన విషయం "విదేశాల్లో ఉంటూ రిమోట్ పని చేసేవారికి ఆరోగ్య బీమా". దేశానికో చట్టం ఉంటుంది కాబట్టి మనం ఉంటున్న జర్మనీ గురించే చెబుతాను. అందులోనూ ఒక్క రకం ఇంటి గురించి.

భర్తకు ఇక్కడి కంపెనీలో ఉద్యోగం, టీకే, ఏఓకే లాంటి క్రాంకెన్‌కాసేలో, అంటే చట్టబద్ధ బీమా సంస్థలో, పబ్లిక్ ఇన్సూరెన్స్. భార్య డిపెండెంట్ వీసా మీద వచ్చింది. హైదరాబాద్ కంపెనీ పని వదులుకోలేదు, ఇక్కడ ఇంట్లో కూర్చుని చేస్తోంది. డబ్బు అక్కడి ఖాతాలో పడుతోంది. బీమా మాత్రం భర్త పేరు మీద ఫ్యామిలీ ఇన్సూరెన్స్, అంటే ఉచితం. చేతులెత్తమని అడగను. వినండి చాలు.

ఆ ఉచితానికి ఆదాయ పరిమితి ఉంది. 2025లో నెలకు 535 యూరోలు, 2026లో 565. ఏటా జనవరిలో మారుతుంది. ఉద్యోగిగా జీతం తీసుకునేవారికి ఏడాదికి 1,230 యూరోలు ఖర్చుల కింద తీసేసి చూస్తారు, అది కలుపుకున్నా నెలకు 667 దగ్గర ఆగిపోతుంది. యూరో వంద రూపాయలనుకుంటే 67 వేల లోపు. అనుభవమున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళ జీతం ఆ గీత ఎప్పుడో దాటింది. ఏ బ్యాంకులో పడింది, రూపాయల్లో పడిందా యూరోల్లో పడిందా అన్నది క్రాంకెన్‌కాసేకు సంబంధం లేదు. మళ్ళీ చెబుతాను: ఇండియా జీతం కూడా ఆదాయమే.

ఇంకొకటి. దేశం దాటగానే చాలా కంపెనీలు మనిషిని పేరోల్ నుంచి తీసేసి "కన్సల్టెంట్" చేస్తాయి. అప్పుడామె ఇక్కడి చట్టం దృష్టిలో స్వయం ఉపాధి మనిషి. వారంలో ఎక్కువ గంటలు ఆ పనిలోనే గడిచి, అదే ప్రధాన వృత్తి అని తేలితే, ఆదాయం 565 లోపున్నా ఫ్యామిలీ ఇన్సూరెన్స్ చెల్లదు.

క్రాంకెన్‌కాసే కుటుంబ వివరాల ఫారం మళ్ళీ మళ్ళీ పంపుతుంది. "ఇక్కడ ఉద్యోగం లేదుగా" అనుకుని ఆదాయం గడిలో సున్నా వేస్తారు. ఆ తర్వాత భార్యాభర్తలు కలిపి టాక్స్ రిటర్న్ వేస్తారు. ఇక్కడ కూర్చుని చేసిన పని ఆదాయం అందులో చూపాల్సిందే, చూపుతారు. ఏదో ఒక రోజు క్రాంకెన్‌కాసే ఆ టాక్స్ అసెస్‌మెంట్ కాగితం అడుగుతుంది. అప్పుడు వచ్చే ఉత్తరంలో ఫ్యామిలీ ఇన్సూరెన్స్ పాత తేదీ నుంచే ముగిసిందని, ఆ రోజు నుంచి కంట్రిబ్యూషన్ కట్టాలని ఉంటుంది.

ఎంత? 2026 రేట్లతో పిల్లలు లేని కన్సల్టెంట్ లెక్క చూడండి. సిక్ పే (జబ్బుతో పని ఆగితే వచ్చే డబ్బు) వద్దనుకుంటే ఆరోగ్య బీమాకు 14 శాతం, అదనపు కంట్రిబ్యూషన్ సగటున 2.9, పిల్లలు లేనివారికి దీర్ఘకాల సంరక్షణ బీమా 4.2. మొత్తం 21.1 శాతం. నెలకు 1,500 యూరోల లాభమైతే సుమారు 316. రెండేళ్ళ బాకీ దాదాపు 7,600 యూరోలు. ఆలస్యానికి నెలకు ఒక శాతం అదనం. మామూలుగా నాలుగేళ్ళ వెనక్కి వెళ్ళగలరు. కావాలని దాచారని తేలితే 30 ఏళ్ళు.

ఇక్కడ నాకు కోపం వచ్చేది ఆ అమ్మాయి మీద కాదు. "ఎక్కడి నుంచైనా పని చేసుకోండి" అని ఒక్క మెయిల్ పంపి చేతులు దులుపుకునే కంపెనీల మీద. బీమా గురించి అడిగితే గ్రూప్ మెడిక్లెయిమ్ ఉందిగా అంటారు. ఆ పాలసీలు సాధారణంగా ఇండియాలోని ఆసుపత్రి ఖర్చుకే. మనిషి కూర్చుని పని చేసే చోటి చట్టమే సోషల్ ఇన్సూరెన్స్‌కు వర్తిస్తుంది. ఉద్యోగిగా ఉంచుకుంటే హైదరాబాద్ కంపెనీ ఇక్కడి లేబర్ ఏజెన్సీ దగ్గర బెట్రీబ్స్‌నుమ్మెర్ (యజమాని గుర్తింపు నంబరు) తీసుకోవాలి, నెలనెలా క్రాంకెన్‌కాసేకు లెక్క పంపాలి, తన వాటా కట్టాలి. ఆఫీసు ఇక్కడ లేకపోయినా సరే. అది చేతకాకపోతే ఇక్కడ పేరోల్ నడిపే సంస్థ ద్వారా పెట్టుకోవాలి. ఈ హాల్లో మేనేజర్లున్నారు, హైదరాబాద్, విశాఖ టీములు నడిపేవారున్నారు. అయ్యా, మీ టీములో ఒకమ్మాయి జర్మనీ వెళుతున్నానంటే లాప్‌టాప్ కొరియర్ సంగతితో పాటు ఈ సంగతీ అడగండి. ఉత్తరం వచ్చేది మీకు కాదు, ఆమెకు.

ఇక్కడి బీమా అక్కర్లేదని కొందరు ఈపీఎఫ్‌ఓ కవరేజ్ సర్టిఫికెట్ (ఇండియాలో పీఎఫ్ కడుతున్నట్టు చూపే కాగితం) చూపిస్తారు. ఇండియా, జర్మనీల మధ్య 2017 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం పెన్షన్ కంట్రిబ్యూషన్ రెండు చోట్లా కట్టకుండా కాపాడుతుంది. అదీ కంపెనీయే పంపిన మనిషికి. ఆరోగ్య బీమా అందులో లేదు.

అమ్మానాన్నల సంగతి కూడా అడుగుతున్నారు. వాళ్ళను ఫ్యామిలీ ఇన్సూరెన్స్‌లో చేర్చలేం. చుట్టపుచూపుగా వచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ట్రావెల్ పాలసీ కావాలి. ముందే ఉన్న షుగర్, గుండె జబ్బులకు అందులో ఏం రాశారో కొనేముందే చదవండి. అత్యవసరానికి తప్ప రొటీన్ చెకప్‌లకు అది పనికి రాదు. సరే, మళ్ళీ మన ఇంటికి వద్దాం.

దారి ఉంది, మంచి దారే. ఫ్యామిలీ ఇన్సూరెన్స్ ముగిసిన మరునాటి నుంచి అదే క్రాంకెన్‌కాసేలో స్వచ్ఛంద సభ్యత్వంగా బీమా కొనసాగుతుంది. మధ్యలో ఖాళీ రాదు, పాత జబ్బుల గురించి ప్రశ్నలుండవు. ఇది చాలా విలువైనది. యూరప్ బయటి నుంచి నేరుగా ఫ్రీలాన్సర్‌గా వచ్చిన వారికి పబ్లిక్ ఇన్సూరెన్స్ తలుపు సాధారణంగా తెరుచుకోదు. చౌకగా దొరికే ఎక్స్‌పాట్ పాలసీలకు (విదేశీయుల కోసం అమ్మే ప్రైవేటు పాలసీలకు) గరిష్ఠంగా ఐదేళ్ళ గడువు. కాన్పుకు చాలా పాలసీల్లో ఎనిమిది నెలల వెయిటింగ్. కాబట్టి నెలకు నాలుగు డబ్బులు మిగులుతాయని ఎవరో ఏజెంట్ చెబితే పబ్లిక్ వదిలి వెళ్ళకండి.

పని మొదలైన నెలలోనే క్రాంకెన్‌కాసేకు రాయండి. కన్సల్టెంట్ అయితే ఫినాంట్స్‌ఆమ్ట్ (పన్నుల ఆఫీసు) రిజిస్ట్రేషన్ ఫారం ఎల్‌స్టర్ అనే ఆన్‌లైన్ పన్ను పోర్టల్‌లో నింపాలి. క్రాంకెన్‌కాసేకు అంచనా ఆదాయం ఇవ్వాలి. ఆదాయం ఎంత తక్కువైనా 2026లో 1,318 యూరోల మీద లెక్కిస్తారు, అంటే పిల్లలు లేనివారికి నెలకు సుమారు 278. పై పరిమితి 5,812.50. ముందు కట్టేది తాత్కాలికం. టాక్స్ అసెస్‌మెంట్ వచ్చాక సరిచేస్తారు. ఆ కాగితాన్ని మూడేళ్ళలో ఇవ్వకపోతే గరిష్ఠ ఆదాయం మీద వేస్తారు, దయచేసి దాన్ని సొరుగులో పెట్టకండి. ఒకటే క్లయింట్, వాళ్ళు చెప్పిన వేళలు, వాళ్ళ మేనేజర్ దగ్గర సెలవు అడగడం, ఇవన్నీ ఉంటే కన్సల్టెంట్ అన్న పేరే నిలవకపోవచ్చు. పని మొదలుపెట్టే ముందే ఇక్కడి పెన్షన్ సంస్థ దగ్గర హోదా నిర్ధారణకు, అంటే ఉద్యోగా స్వయం ఉపాధా అని తేల్చమని, దరఖాస్తు పెట్టవచ్చు.

ఇప్పటికే ఉత్తరం వచ్చినవారు ఉంటే, అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టడానికి ఒక నెల గడువు. అభ్యంతరం పెట్టినంత మాత్రాన కట్టడం ఆగదు, అందుకని అదే ఉత్తరంలో వాయిదాలు కూడా అడగండి. అసలు ఆదాయం ఎంతో చూపే కాగితాలు జత చేయండి, లేకపోతే వాళ్ళ అంచనాయే నిలుస్తుంది. ఉత్తరం తెచ్చుకున్నవారు భోజనాల తర్వాత కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి, కవరు పారేయకుండా తెండి, దాని మీద తేదీ కావాలి.