స్పందన పుస్తకానికి మార్కులు వద్దు

(తిరుపతిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, సాటి ఉపాధ్యాయులకు, వెనుక వరుసల్లో కుర్చీలు చాలక నిలబడి ఉన్న తల్లిదండ్రులకు నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాలలో పుస్తకం గొప్పతనం చెప్పేవారు ఎటూ ఉంటారు కనుక ఆ భాగం వారికే వదిలి, పుస్తకం చదివిన పిల్లలు ఏమనుకున్నారన్నది మనకెందుకు తెలియకుండా పోతున్నదో చెప్పడానికి వచ్చాను. శాలువా సంగతి తరువాత చూద్దాం.

బడిలో ఏడాది పొడవునా సాగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో పుస్తక సమీక్ష చేరిన నాటినుంచి పిల్లలు రాస్తూనే ఉన్నారు, మనం మార్కులు వేస్తూనే ఉన్నాం. ఏదైనా ఒక తరగతి నోటుబుక్కులు బల్లమీద పరిచి చూడండి. అన్నీ 'ఈ పుస్తకం నాకు ఎంతగానో నచ్చినది' అని మొదలై, 'ఇందలి నీతిని అందరూ పాటించవలెను' అని ముగుస్తాయి. నేను దిద్దిన ఒక కట్టలో సుగ్రీవుడు ఆసాంతం 'సుగీవుడు'గానే ఉన్నాడు. గైడు అచ్చులో రావత్తు ఎగిరిపోయింది. తరగతి మొత్తంలో ఒక్కరూ దాన్ని తిరిగి చేర్చలేదు. పిల్లలను నిందించి లాభం లేదు. మార్కు పెట్టినచోటికి గైడు రాక మానదు.

నేను కోరుతున్నది స్పందన పుస్తకం, అంటే ఏదైనా పుస్తకం చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి రాసుకునే నోటుబుక్కు. ఎడమ పేజీలో, చదువుతున్నవారిని ఆపిన వాక్యాన్ని పేజీ సంఖ్యతో సహా ఎత్తి రాసుకోవాలి. కుడి పేజీలో ఆ వాక్యం దగ్గర కలిగిన సందేహమో, కోపమో, గుర్తుకొచ్చిన మనిషో, ఏదైనా రాయవచ్చు. రచనకు అర్థం కాగితం మీద సిద్ధంగా ఉండదనీ, చదివే మనిషి తన అనుభవంతో రచనను కలుసుకున్నప్పుడే అది ఏర్పడుతుందనీ అమెరికాలో లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే అధ్యాపకురాలు 1938లోనే వాదించారు. అలాగని తోచినదల్లా అర్థమైపోదు, రచనలో ఆధారం ఉండాలని కూడా ఆమే అన్నారు. ఎడమ పేజీ అవసరం అందుకే.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, అయినా చెబుతాను. పలమనేరు వైపు ఒక పల్లె బడిలో పదవ తరగతి ఉపవాచకంగా రామాయణం నడుస్తున్నది. రావణుడు ఎత్తుకుపోతుండగా సీత తన నగలను ఉత్తరీయంలో మూటగట్టి కొండమీద ఉన్న వానరుల మధ్యకు జారవిడవడం, తరువాత ఆ నగలలో లక్ష్మణుడు కాలి అందెలను మాత్రమే గుర్తుపట్టడం మీకు తెలిసినవే. మనం పరీక్షలో అడిగేది లక్ష్మణుడి గురించే. ఒక అమ్మాయి మాత్రం కుడి పేజీలో ఇలా రాసింది: 'మాయమ్మ పాలడబ్బు కొంగున ముడేసుకుంటాది. అంత బెదురులో గూడా సీతమ్మకి నగలు ముడెయ్యాలని తోచిందంటే నాకు ఆశ్చర్యం. విడివిడిగా ఇసిరేసుంటే ఒక్కటీ దొరికుండదు గదా.'

ఆ నోటుబుక్కు దిద్దినవారు 'ముడేసుకుంటాది' చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పేజీకి అడ్డంగా గీత కొట్టి, కింద 'ప్రశ్నకు సంబంధం లేదు' అని రాశారు. అయ్యా, ప్రశ్న ఎవరు అడిగారు? ఎన్నో ఏళ్లుగా ఆ ఘట్టాన్ని పాఠం చెబుతున్న మనలో ఎంతమంది ఆ మూట గురించి ఆలోచించారు? ముందువరుసలో తెలుగు పండితులు ఉన్నారు, వారినే అడుగుతున్నాను. కథ అందరికీ తెలిసినదే కాబట్టి పిల్లలు కొత్తగా రాయడానికేమీ ఉండదనే వాదనకు ఆ పేజీయే జవాబు. అంతకన్నా బాధ కలిగించే విషయం, ఆ తరువాతి పేజీల్లో ఆ అమ్మాయి కూడా 'ఎంతగానో నచ్చినది' అనే రాసింది.

కనుక నా విన్నపం ఒక్కటే. ఈ పుస్తకంలో అక్షరదోషాలు దిద్దవద్దు, మార్కు వేయవద్దు. దోషాలు దిద్దడానికి కాపీరాత ఉంది, వ్యాసాలు ఉన్నాయి. ఇక్కడ ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న రాసి తిరిగి ఇస్తే చాలు. 'ఆ మూట చూసిన వానరులు ఏమనుకొని ఉంటారు?' అని ఎవరైనా రాసి ఉంటే ఆ అమ్మాయి ఇంకో పేజీ రాసేది. అరవైమంది ఉన్న తరగతిలో తీరికేదని మీరు అంటారు. రోజుకు ఒక వరుస నోటుబుక్కులు తీసుకోండి. సమీక్షలు దిద్దే కాలంలోనే ఇదీ అయిపోతుంది.

గ్రంథాలయం వారికి కూడా ఒక మాట. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకంగా ఈ ఊరి జనమే కడుతున్నారు. ఆ జనం పిల్లలు రాసిన పుస్తకాలకు, వారు ఒప్పుకుంటేనే, ఒక అర కేటాయించండి.

తల్లిదండ్రులు కొత్త నోటుబుక్కు ఖర్చు గురించి ఆలోచించనక్కరలేదు. నిరుటి నోటుబుక్కుల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు చించి, దారంతో కుట్టి ఇవ్వండి. ఏం రాశావని మాత్రం రోజూ అడగకండి. ఇక ఉపాధ్యాయుల సందేహాలు వింటాను.