పత్తి, కర్మాగారం, పద్దు పుస్తకం: అమెరికా అంతర్యుద్ధంపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధాన్ని పరిశ్రమల ఉత్తరాదికీ, పత్తి పొలాల దక్షిణాదికీ నడుమ జరిగిన పోరుగా చదువుకున్నాం. దిగుమతి సుంకాల తగాదాయే దానికి మూలమనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రొఫెసర్ గారూ, మీరేమంటారు?

చరిత్ర అధ్యాపకురాలు: తగాదా నిజమే కాని, మూలం అది కాదండీ. 1828 నాటి సుంకాల చట్టం ఉత్తరాది మిల్లులకు రక్షణ ఇచ్చి, తాము కొనే ప్రతి సరుకు ధరనూ పెంచుతోందని దక్షిణాది భూస్వాములు మండిపడ్డారు. 1832లో సౌత్ కరోలినా ఆ చట్టం తన రాష్ట్రంలో చెల్లదని ప్రకటించింది. కాని 1857లో సుంకాలు బాగా తగ్గాయి. 1860-61లో అమెరికా నుంచి విడిపోయేటప్పుడు దక్షిణాది రాష్ట్రాలు ఏం రాసుకున్నాయో చూడండి. ప్రపంచంలోకెల్లా గొప్ప భౌతిక ప్రయోజనం బానిసత్వమేనని మిసిసిపీ తన ప్రకటనలో చెప్పుకుంది. దాదాపు 40 లక్షల మంది మనుషులను అక్కడ ఆస్తిగా లెక్కగట్టారు, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు, పిల్లలను తల్లుల నుంచి విడదీసి అమ్మారు. పెట్టుబడి అంతా మనుషుల కొనుగోలులో ఇరుక్కున్న చోట కర్మాగారాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆర్థికశాస్త్ర పరిశోధకుడు: అయితే ఉత్తరాదికి ఇందులో వాటా లేదనుకోకూడదు. పత్తికి అప్పు, బీమా, ఓడ సమకూర్చి లాభం తీసుకున్నది న్యూయార్క్ వర్తకులే. మసాచుసెట్స్ మిల్లులు నేసింది బానిసలు ఏరిన పత్తినే. యుద్ధంలో ఉత్తరాది బలపడిన మాట నిజమే కాని, ఆ భారం కూలివాడి మీద పడింది. 1862లో ప్రభుత్వం బంగారం హామీ లేని నోట్లు అచ్చువేయడంతో ధరలు పెరిగాయి, కూలిరేట్లు మాత్రం వాటి వెంట పెరగలేదు. పైగా 300 డాలర్లు కట్టగలవాడికి నిర్బంధ సైన్య సేవ నుంచి మినహాయింపు దొరికేది. 1863 జూలైలో న్యూయార్క్‌లో చెలరేగిన అల్లర్లకు ఈ కోపం ఒక కారణం. దారుణమేమిటంటే, ఆ కోపానికి బలైనవారిలో ఏ పాపమూ ఎరుగని నల్లజాతివారు ఎందరో ఉన్నారు.

సమన్వయకర్త: దక్షిణాదిలో సామాన్యుల ఇళ్లలో పరిస్థితి ఎలా ఉండేది?

చరిత్ర అధ్యాపకురాలు: ఒక్క ఉప్పు సంగతి చాలు. పంది మాంసం నిల్వకు ఉప్పు కావాలి, అది చాలామటుకు బయటి నుంచే వచ్చేది. ఉత్తరాది నౌకాదళం రేవులను దిగ్బంధించాక ఆడవాళ్లు మాంసం ఆరబెట్టిన గదుల్లో మట్టినేల తవ్వి, ఏళ్ల తరబడి కారి ఇంకిన ఉప్పు కోసం ఆ మట్టిని నీళ్లలో కలిపి, వడగట్టి, మరిగించుకున్నారు. పత్తి మాత్రం గోదాముల్లో గుట్టలుగా పడి ఉంది! సరుకు ఆపితే, ఆ పత్తి మీదే ఆధారపడ్డ బ్రిటన్ తమకు మద్దతుగా దిగివస్తుందని దక్షిణాది నాయకులు నమ్మారు కాని, ముందటి ఏళ్ల భారీ పంటల నిల్వలు బ్రిటన్ మిల్లుల దగ్గర ఉండనే ఉన్నాయి. 1863 ఏప్రిల్ 2న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లోనే ఆడవాళ్లు రొట్టె కోసం దుకాణాలు పగలగొట్టారు.

రైతు సంఘం ప్రతినిధి: ఆ నిల్వలు అయిపోయాక బ్రిటన్ మన వైపు చూసింది కదండీ. కాకినాడ రేవు పత్తి వ్యాపారం ఊపందుకున్నది ఆ యుద్ధకాలంలోనే. 1865లో యుద్ధం ముగిసి ధర పడిపోయేసరికి ఆ ఊపూ చల్లారింది. ఎక్కడో ఆగిన తుపాకీ ఇక్కడి రైతు ధరను కూల్చింది. మరి అమెరికాలో బానిసత్వం నుంచి విముక్తులైన వారికి భూమి దక్కిందా?

చరిత్ర అధ్యాపకురాలు: దక్కినట్టే దక్కి పోయింది. 1865 జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ ఉత్తర్వుతో సముద్ర తీరాన కుటుంబానికి 40 ఎకరాల వరకు కేటాయించారు. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్లో అధిక భాగాన్ని పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. మనిషిని విడుదల చేసి, కాలు మోపే చోటు లాక్కున్నారు. దీన్ని నేను ఎన్నిసార్లు పాఠంగా చెప్పినా మనసు ఒప్పుకోదు.

ఆర్థికశాస్త్ర పరిశోధకుడు: ఆ పైన అప్పు. 1863 తర్వాత వచ్చిన జాతీయ బ్యాంకుల చట్టాలు భూమి తాకట్టు మీద అప్పివ్వకుండా కట్టడి చేశాయి, రాష్ట్ర బ్యాంకుల నోట్లపై 10 శాతం పన్ను వేశాయి. పల్లెల్లో బ్యాంకు అనేదే కరువైంది. ఆ ఖాళీలోకి ఊరి దుకాణదారు వచ్చాడు. పిండికీ మాంసానికీ నగదు ధర ఒకటి, అరువు ధర మరొకటి. పూచీగా ఇంకా మొలకెత్తని పంట. అమ్ముకోవడం తేలికని అతడు పత్తే వేయమనేవాడు, కాబట్టి తిండిగింజలు కూడా ఆ దుకాణంలోనే కొనుక్కోవాలి. 1894 నాటికి పౌను పత్తి 5 సెంట్లకు దిగువకు పడిపోయింది.

రైతు సంఘం ప్రతినిధి: దాన్ని మా వరంగల్ వైపు ఉద్దెర అంటాం. విత్తనం, మందు ఉద్దెరకు తెచ్చి, పత్తి అదే దుకాణానికి తూకం వేసే రైతులను నేను చూశాను. ఆ ఉచ్చు నుంచి అక్కడ ఎవరైనా బయటపడ్డారా?

చరిత్ర అధ్యాపకురాలు: సౌత్ కరోలినా సముద్ర దీవుల్లో కొందరు బయటపడ్డారు. యుద్ధకాలంలో పన్ను బకాయిల కింద వేలం వేసిన భూములను కొంతమంది నల్లజాతి కుటుంబాలు కొనుక్కున్నాయి. ఆ కొనుగోళ్లు చాలావరకు నిలిచాయి. ఉన్నవి కొద్ది ఎకరాలే అయినా, వాళ్లు ముందు ఇంటి తిండికి మొక్కజొన్న, చిలగడదుంప వేసుకున్నారు. మిగిలిన చెక్కలోనే పత్తి వేశారు.