నాయుడుగారి ఫిడేలు పెట్టమన్నాను

సభకు నమస్కారం. అధ్యక్షులవారికీ, కార్యదర్శిగారికీ, ఈ ఎండలో పర్లాకిమిడి నుంచీ చికిటి నుంచీ బరంపురం దాకా వచ్చిన పెద్దలకీ దండాలు. మైకు బాబూ, ఆ బేస్, అదే ఆ దుమ్‌దుమ్ మోత, కొంచెం తగ్గించు నాన్నా. గొంతు స్పష్టంగా వినబడాలి. నేను చెప్పబోయేదీ దాని గురించే.

నాకిచ్చిన అంశం 'సంగీతం, నేటి సాంకేతికత'. 2025 మే నెలలో మా అబ్బాయి దగ్గరికి మ్యూనిచ్ వెళ్ళినప్పుడు 'హై ఎండ్' అనే ఆడియో ప్రదర్శనకు తీసుకెళ్ళాడు. 2004 నుంచి ఆ ఊళ్ళోనే జరిగేది, 2026 నుంచి వియన్నాకి మార్చారు. మనవాళ్ళు ఇల్లు కట్టుకునేంత డబ్బు అక్కడ స్పీకర్లకే పెడతారు. అయినా చాలా గదుల్లో నాకు కూర్చోబుద్ధి కాలేదు. డ్రమ్ము మోగితే ఛాతీ అదురుతుంది, పాడే మనిషి ఏ బాధతో పాడుతోందో మాత్రం అందదు. చిన్న గదిలో పెద్ద పెట్టెలు పెడితే బేస్ మూలల్లో పేరుకుని గొంతును మింగేస్తుంది.

నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు ఉంది, పాత గ్రామఫోను ప్లేటు నుంచి ఎక్కించింది. 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో నేర్పిన మహానుభావుడు. ఒక గదిలో అది పెట్టమని అడిగాను. అక్కడున్నాయన పది సెకన్లు వినిపించి, "రికార్డింగు బాగాలేదు" అని తీసేశాడు. నాయుడుగారిని తీసేశాడండీ! ఆ మంట నాకింకా చల్లారలేదు.

చివరికి ఒక మూల గదిలో ఒకాయన పెట్టాడు. 300బి అనే పాతకాలపు గాజు వాల్వుతో నడిచే ఆంప్లిఫయర్, పవరు ఎనిమిది వాట్లు. మీ పెళ్ళిళ్ళలో డీజే పెట్టెల ముందు అదెంత? కానీ స్పీకర్లు చెక్క బాకాలవి. బాకా ఉంటే ఒక్క వాటు కూడా గది నింపేస్తుంది. ప్లేటు చిటపటలు ఉన్నాయి, ఉండనీండి. కమాను దిశ మార్చినప్పుడు తీగ మీద సన్నని గరగర వినిపించింది. గమకంలో వేలు జారి స్వరం దగ్గర నిలబడటం తెలిసింది. ప్లేటు ఒక వైపంతా కలిపి మూడు నిమిషాలే, ఆయన వాల్యూము ముట్టుకోలేదు. అయ్యాక, "ఇంకొకటి ఉందా?" అన్నాడు. నాకు మాట పెగల్లేదు.

అమ్మా, అయ్యా, మీరు ఎక్కడ సెట్టు కొన్నా మీకు కంఠతా వచ్చిన పాట పట్టుకెళ్ళండి. వాళ్ళు పెట్టింది వినకండి. గట్టిగా పెట్టమనకండి, మామూలుగా మాట్లాడుకునేంత శబ్దంలో వినండి. అప్పుడూ గుండె కదిలితేనే కొనండి. మన బరంపురం ఠాకురాణి యాత్రలో చెవులు చిల్లులు పడే మోత మనకి ఎలాగూ ఉంది.

ఇంకొక్క మాట, కార్యదర్శిగారూ, గంట కొట్టకండి. మీ అటకల మీద తాతగారి ప్లేట్లున్నాయి. పాత సామాన్లవాడికి వేయకండి, ఆదివారం మా ఇంటికి తీసుకురండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాను, డబ్బు వద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌తో తుడిస్తే కరిగిపోతాయి. సబ్బునీళ్ళలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో, మధ్య కాగితానికి తడి తగలకుండా తుడవండి. తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లుతో మాత్రం వేయకండి, వీటి గాడి వెడల్పు. సరైన ముల్లు నా దగ్గర ఉంది.