కార్టిసాల్ పరీక్షకు పొద్దున 8 గంటలే ఎందుకు?

[తెర మీద: ల్యాబ్ చీటీ. ‘సీరం కార్టిసాల్, ఉ. 8’ అన్న వరుస దగ్గరగా]

కార్టిసాల్ అంటే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోను. రక్తంలో అది డెసీలీటరుకు 15 మైక్రోగ్రాములు ఉందనుకోండి. పొద్దున 8కి తీసిన శాంపిల్ అయితే మామూలే. అదే 15 అర్ధరాత్రి కనిపిస్తే కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ అతిగా ఉండే జబ్బు) ఏమోనని డాక్టరు ఆరా తీస్తారు. టైము రాయని కార్టిసాల్ రిపోర్టు సగం రిపోర్టే.

[యానిమేషన్: మెదడు అడుగున, రెండు కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన ఒక చుక్క]

టైము చూసేది ఈ చుక్క. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్, నోరు తిరగదు గానీ పని గొప్పది. ఇందులో ఉన్నవి సుమారు 20,000 నాడీకణాలు, కణానికో గడియారం. క్లాక్, బీమాల్1 అనే ప్రోటీన్లు జతకట్టి డీఎన్‌ఏని పట్టుకుని పర్, క్రై జన్యువులను పనిలోకి దింపుతాయి. వాటి నుంచి తయారైన ప్రోటీన్లు పోగుపడ్డాక కేంద్రకంలోకి తిరిగొచ్చి, ఆ జంట చేతులే కట్టేస్తాయి. మెల్లగా అవి అరిగిపోగానే జంట మళ్లీ మొదలు.

ఇంత చిన్న పనికి రోజంతా ఎందుకు? కేసీన్ కైనేజ్ 1 అనే ఎంజైము పర్ ప్రోటీన్‌కి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. పర్ ప్రోటీన్ ఎన్ని గంటలు నిలుస్తుందో ఆ ఫాస్ఫేట్లను బట్టే తేలుతుంది. పర్2లో ఒక్క అమైనో ఆమ్లం మారిన కుటుంబంలో రాత్రి 7:30కే నిద్ర ముంచుకొస్తుంది, 4:30కల్లా మెలకువ. మామూలుగా మన చక్రం సగటున 24.2 గంటలు, ఆ పన్నెండు నిమిషాల తేడాను రోజూ పొద్దుటి వెలుగు సరిదిద్దుతుంది.

[గ్రాఫ్: 24 గంటల కార్టిసాల్ గీత]

చుక్క నుంచి కబురు మెదడు అడుగునే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, అక్కణ్ణుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను రూపంలో అడ్రినల్‌కి. అడ్రినల్‌కీ సొంత గడియారం ఉంది. ఏసీటీహెచ్‌కి అది ఎంత గట్టిగా స్పందించాలో ఆ గడియారమూ చూస్తుంది. తెల్లవారుజామున గీత లేస్తుంది, మెలకువ వచ్చిన 30–45 నిమిషాల్లో ఇంకాస్త ఎగబాకుతుంది, అర్ధరాత్రికి అట్టడుగు. ఈ కార్టిసాలే కాలేయ కణాల్లో పర్1 జన్యువును లేపి అక్కడి గడియారానికీ కీ ఇస్తుంది.

[తెర మీద: రాత్రి 2 గంటలు, ఆఫీసు క్యాంటీన్]

చిక్కు ఇక్కడ. హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టు చేసేవాళ్లకి పొద్దున 8 అంటే పడుకునే వేళ. రాత్రి 2కి తిన్న బిర్యానీ కాలేయం గడియారాన్ని ఒకవైపు లాగితే, ఇంటికొచ్చేటప్పుడు కళ్లలో పడే ఎండ మెదడు గడియారాన్ని ఇంకోవైపు లాగుతుంది. కాబట్టి రక్తం ఇచ్చే ముందే షిఫ్టు సంగతి, నిద్రలేచే వేళ డాక్టరుకు చెప్పండి. కార్టిసాల్ కోసం అర్ధరాత్రి చేసే ఉమ్ము పరీక్ష షిఫ్టువాళ్లకి సరిపడదు. గర్భనిరోధక మాత్రలు మొత్తం కార్టిసాల్‌ని ఎక్కువ చూపిస్తాయి. ఉబ్బసం ఇన్‌హేలర్, చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీము తక్కువ చూపించవచ్చు. అన్నీ చెప్పండి, కానీ దేన్నీ సొంతంగా మానేయకండి.

అడ్రినల్ పనిచేయనివాళ్లకి కార్టిసాల్‌కి బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్ర ఇచ్చేదీ ఈ గీతను చూసే: రోజుకు 15–25 మిల్లీగ్రాములను రెండు మూడు మోతాదులు చేసి, పెద్దది లేవగానే, ఆఖరిది పడుకోవడానికి కనీసం నాలుగు గంటల ముందు.